ట్రాక్టరు, పంపుసెట్ల సంరక్షణ పట్టిక – తయారుచేసుకొను విధానం

బ్యాంకు రుణంతో ట్రాక్టరు కొన్న రైతు తన వాయిదాను యంత్రం పనిచేసిన గంటల నుండే చెల్లించవలసి ఉంటుంది. యంత్రం నిలిచిన రోజున ఆదాయం ఆగిపోవును గాని వడ్డీ ఆగదు. కనుక యంత్ర సంరక్షణను మెకానిక్కుకు మాత్రమే సంబంధించిన విషయంగా భావించరాదు. అది రుణం తీరుటకు సంబంధించిన విషయం కూడా. చెడిన తరువాత బాగుచేయించుట మరమ్మతు. చెడకమునుపే నిర్ణీత గంటలకు, నిర్ణీత పనులను చేయుట ముందుజాగ్రత్త సంరక్షణ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అటువంటి సంరక్షణకు ప్రతి రైతు తన ఇంటివద్దనే ఒక పట్టికను ఏ విధంగా తయారుచేసుకొనవచ్చునో ఈ పాఠంలో తెలుసుకొందాము.

ఒక అనుభవం

మా శాఖ పరిధిలోని ఒక రైతు ట్రాక్టరు సార్వా దమ్ములు జోరుగా సాగుచున్న సమయంలో ఆగిపోయినది. మొదట లాగుడు తగ్గి నల్లపొగ వచ్చినది. రైతు దానిని పట్టించుకొనలేదు. తరువాత నీలిపొగ మొదలై ఇంజను ఆయిలు త్రాగనారంభించినది. ఇంజను విప్పి చూడగా లైనర్లు, పిస్టను రింగులు పూర్తిగా అరిగిపోయి ఉన్నవి. కారణం వెదకగా, ఆ వేసవి అంతయు చెరువు పూడికమట్టి తోలకంలో ట్రాక్టరు పనిచేసినదనియు, ఎయిర్ క్లీనరు గిన్నెలోని ఆయిలును ఒక్కసారి కూడా మార్చలేదనియు తెలిసినది. గిన్నె అడుగున మట్టి ముద్దకట్టి ఉన్నది. క్లీనరు నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టపు క్లిప్పు కూడా వదులై ఉన్నది. వడకట్టని దుమ్ము నేరుగా ఇంజనులోనికి పోయి లోపలి భాగాలను ఆకురాయివలె అరగదీసినది.

ఇంజను బాగయ్యేసరికి దమ్ముల కాలం ముగిసినది. కిరాయి పనులు ఇతరులకు పోయినవి. రైతు తన సొంత పొలానికి కూడా మరొకరి ట్రాక్టరును కిరాయికి తెచ్చుకొనవలసి వచ్చినది. సంక్రాంతికి చెల్లించవలసిన వాయిదా నిలిచిపోయినది. ఇందులో నా పొరపాటు కూడా కలదు. అంతకు కొద్ది నెలల ముందే నేను ఆ ట్రాక్టరును తనిఖీ చేసి, నంబరు పలక, ఛాసిస్ నంబరు, బీమా పత్రం చూచి, 'వాహనం మంచి స్థితిలో ఉన్నది' అని నివేదిక వ్రాసితిని. ఎయిర్ క్లీనరు గిన్నెను విప్పి చూడలేదు. ఆనాటి నుండి ఏ ట్రాక్టరును తనిఖీ చేసినను, ముందుగా ఆ గిన్నెను, గంటల మీటరును చూచుట అలవాటు చేసుకొంటిని.

గంటల మీటరే పంచాంగం

మోటారు వాహనానికి కిలోమీటర్లు ఎటువంటివో ట్రాక్టరుకు గంటలు అటువంటివి. డాష్‌బోర్డు మీద గల మీటరు ఇంజను ఎన్ని గంటలు పనిచేసినదో చూపిస్తుంది. 'ఆరు నెలలకొకసారి ఆయిలు మార్చుదుము' అనుట సరియైన లెక్క కాదు. దమ్ముల కాలంలో ఒక్క నెలలో 250 గంటలు నడిచే ట్రాక్టరు ఉన్నది, ఆరు నెలలలో 100 గంటలు కూడా నడవని ట్రాక్టరు ఉన్నది. అందువలన పట్టిక అంతయు గంటల మీదనే ఆధారపడవలెను. మీటరు చెడినచో వెంటనే బాగుచేయించవలెను. అంతవరకు ప్రతిరోజు నడిచిన గంటలను చేతితో వ్రాసుకొనవలెను.

మన దేశంలో యంత్రవ్యయం లెక్కకట్టునప్పుడు ట్రాక్టరు ఆయుర్దాయాన్ని సుమారు 10,000 గంటలు లేదా 10 సంవత్సరాలుగా తీసుకొనుట వాడుక. సంరక్షణ సరిగా జరిగిన ట్రాక్టరు మాత్రమే ఆ గంటలను అందుకొంటుంది.

గంటలవారీ పట్టిక

ఈ క్రింది పట్టిక సామాన్యమైనది. మోడలును బట్టి గంటలు మారును. కంపెనీ వారు ఇచ్చిన పుస్తకంలో వేరుగా ఉన్నచో ఆ పుస్తకాన్నే అనుసరించవలెను.

ప్రతిరోజు (8 నుండి 10 గంటల పనికి):
1. ట్రాక్టరును సమతలంపై నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాల తరువాత డిప్ స్టిక్‌తో ఆయిలు మట్టం చూడవలెను. మట్టం రెండు గీతల మధ్య ఉండవలెను. పై గీతను దాటి పోయరాదు.
2. రేడియేటరులో నీటి మట్టం చూడవలెను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు, చన్నీరు పోయరాదు. మొదటిది మనిషికి ప్రమాదం, రెండవది ఇంజను బ్లాకు పగులుటకు కారణం.
3. దుమ్ము పనులలో ఎయిర్ క్లీనరును ప్రతిరోజు చూడవలెను. ఆయిలు గిన్నె గల రకంలో మట్టి పేరుకొన్నచో గిన్నెను కడిగి, గుర్తువరకు కొత్త ఆయిలు పోయవలెను.
4. డీజిలు ట్యాంకును సాయంత్రం పని ముగిసిన తరువాత నింపవలెను. ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి డీజిలులో కలియును.
5. నట్లు, బోల్టులు, టైర్లు, ఆయిలు కారుట మొదలైనవి ఒకసారి చుట్టూ తిరిగి చూడవలెను. బురదలో పనిచేసిన రోజున ముందు చక్రాల హబ్బులకు, యాక్సిలు పిన్నులకు కొత్త గ్రీజు బయటకు వచ్చువరకు పట్టించవలెను.

ప్రతి 50 గంటలకు:
1. అన్ని నిపుల్స్‌కు గ్రీజు పెట్టవలెను. నిపుల్‌ను గుడ్డతో తుడిచిన తరువాతనే గ్రీజు గన్ ఆనించవలెను.
2. ఫ్యాన్ బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. సుమారు అర అంగుళం వంగుట సరిపోవును. మరీ వదులైనచో ఇంజను వేడెక్కును. మరీ బిగువైనచో బేరింగులు పోవును.
3. బ్యాటరీ పలకలపైన 10 నుండి 15 మిల్లీమీటర్ల ఎత్తువరకు ద్రవం ఉండునట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు పోయరాదు.
4. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. క్లచ్చి, బ్రేకు పెడళ్ల ఆటను, చక్రాల నట్ల బిగువును సరిచూడవలెను.

ప్రతి 250 గంటలకు:
ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్చవలెను. కొన్ని పాత మోడళ్లకు ఈ పని 125 గంటలకే చేయవలసి ఉంటుంది. ఆయిలు మార్చి ఫిల్టరును మార్చకుండుట, స్నానం చేసి మురికి బట్టలనే తొడుగుకొనుట వంటిది. గేరుబాక్సు, హైడ్రాలిక్ ఆయిలు మట్టాలను కూడా చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో అందులో నీరు చేరినదని గ్రహించి వెంటనే మార్పించి, సీళ్లు తనిఖీ చేయించవలెను.

ప్రతి 500 గంటలకు:
డీజిలు ఫిల్టర్లు మార్చి, రేడియేటరును శుభ్రపరచవలెను. బోరు నీటిలోని సున్నపు లవణాలు రేడియేటరు గొట్టాలలో గారకట్టి వేడిని బయటకు పోనీయవు. కనుక మంచినీటిని, లేదా కంపెనీ సూచించిన కూలెంటును వాడవలెను.

ప్రతి 1,000 గంటలకు:
గేరుబాక్సు, హైడ్రాలిక్ ఆయిలు మార్పించి, నాజిల్సు, వాల్వుల సందు, ముందు చక్రాల బేరింగులు, స్టార్టరు, డైనమో తనిఖీ చేయించవలెను. ఈ పనులను శిక్షణ పొందిన మెకానిక్కు చేతనే చేయించవలెను.

డీజిలు శుభ్రత విషయంలో ఒక మాట. ఇంధన పంపులోని భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు. కంటికి కనిపించని ఇసుక రేణువు కూడా దానిని పాడుచేయగలదు. డ్రమ్ములో నిలువచేసిన డీజిలును ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగున కొంత వదలిపెట్టి, పైభాగం మాత్రమే సన్నని జాలీతో వడకట్టి వాడవలెను.

కొత్త రకం ట్రాక్టర్ల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. 50 హార్సు పవరు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ఉద్గారాల నాలుగవ దశ ప్రమాణాలు అమలులోనికి వచ్చినవి. వీటిలో చాలావాటికి ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంధన వ్యవస్థ ఉన్నది. దానిని రోడ్డు ప్రక్క మెకానిక్కుల చేత విప్పించరాదు. పొడి రకపు ఎయిర్ ఫిల్టరును గాలితో ఊదునప్పుడు లోపలి నుండి బయటికి, తక్కువ ఒత్తిడితో ఊదవలెను. బయటి నుండి ఊదినచో దుమ్ము కాగితపు మడతలలోనికి మరింతగా దిగబడును.

పట్టికను పంటకాలంతో ముడిపెట్టుట

గంటలు పూర్తియైన రోజు పని జోరుగా ఉన్న రోజు కావచ్చును. అప్పుడు 'రెండు రోజులాగి చేయిద్దాము' అనుకొనుట, ఆ రెండు రోజులు ఇరువది రోజులగుట మనకు తెలిసినదే. దీనికి ఉపాయం ముందుచూపే.

ఒక ఉదాహరణ చూడుడు. మీటరులో నేటి అంకె 1,412. గత ఆయిలు మార్పు 1,240 వద్ద జరిగినది. 250 గంటల లెక్కన తరువాతి మార్పు 1,490 వద్ద. మిగిలినవి 78 గంటలు. దమ్ములలో రోజుకు 9 గంటలు నడిచినచో ఎనిమిది రోజులు దాటగానే ఆ గంటలు పూర్తియగును. అనగా దమ్ముల నడుమ ట్రాక్టరును ఆపవలసి వచ్చును. కనుక ఆ 78 గంటలను వదులుకొని, దమ్ములకు ముందే ఆయిలు మార్పించుట లాభదాయకం. గంటలు మిగిలినవని ఆయిలును చూచుకొన్నచో పనిదినం పోవును. ఆయిలు గడువు దాటించినచో ఇంజను పోవును.

ఈ దృష్టితో సంవత్సరాన్ని ఈ విధంగా విభజించుకొనవచ్చును:
• ఏప్రిల్, మే: పెద్ద సర్వీసింగు. మట్టి తోలకాలు ఉన్నచో ఎయిర్ క్లీనరు ప్రతిరోజు.
• జూన్ నుండి ఆగస్టు: దుక్కులు, దమ్ములు. ప్రతిరోజు గ్రీజు, బురద కడుగుట.
• సెప్టెంబరు: దమ్ములు ముగియగానే గేరుబాక్సు, వెనుక యాక్సిలు ఆయిలులో నీరు చేరినదేమో పరీక్ష. కేజ్ వీల్సు, రోటవేటరు కడిగి ఆరబెట్టి, తుప్పుపట్టకుండా పాత ఆయిలు పూయుట.
• అక్టోబరు నుండి డిసెంబరు: కోతలు, రబీ దుక్కులు. వాటికి ముందు చిన్న సర్వీసింగు.
• జనవరి నుండి మార్చి: ధాన్యం, చెరకు, పత్తి రవాణా. బ్రేకులు, లైట్లు, టైర్లు, ట్రాలీ హుక్కు, పిన్ను ముఖ్యం. రెండు బ్రేకు పెడళ్లను కలిపి ఉంచు పట్టీని రోడ్డుపైన తప్పక వేయవలెను. లేనిచో ఒక ప్రక్క బ్రేకు మాత్రమే పట్టి ట్రాక్టరు తిరగబడు ప్రమాదమున్నది.

వరి ప్రాంతానికి ఈ క్రమం సరిపోవును. అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో దుమ్ము పనులు అధికం కనుక ఎయిర్ క్లీనరు గడువును తగ్గించుకొనవలెను. ప్రతి రైతు తన పంటలను బట్టి నెలలను మార్చుకొనవలెను.

పరికరాలు, పంపుసెట్లు

రోటవేటరు: పి.టి.ఓ. షాఫ్టు క్రాసులకు ప్రతిరోజు గ్రీజు, బ్లేడ్ల బోల్టుల బిగింపు, గేరుబాక్సు ఆయిలు మట్టం. ఇంజను ఆపి, తాళంచెవి తీసిన తరువాతనే బ్లేడ్లను ముట్టవలెను. హైడ్రాలిక్‌తో పైకెత్తిన పరికరం క్రిందికి, చెక్క దిమ్మెలు ఆనించనిదే, ఎవరును దూరరాదు.

మోటారు పంపుసెట్టు: నెలకొకసారి మోటారు తీసుకొను ఆంపియర్లను, ఒక తొట్టి నిండుటకు పట్టు సమయాన్ని పుస్తకంలో వ్రాయవలెను. ఆంపియర్లు నామఫలకంపై ఉన్న అంకెను మించినచో వోల్టేజి తగ్గుట గాని, బేరింగు పట్టివేయుట గాని కారణం కావచ్చును. నీరు తగ్గుచున్నచో బావి మట్టం, ఫుట్ వాల్వు, ఇంపెల్లరు అరుగుదలను చూడవలెను. త్రాడు వేసిన గ్లాండు గల పంపులలో నీరు చుక్కచుక్కగా కారుట సహజం. దానిని పూర్తిగా ఆపవలెనని బిగించినచో షాఫ్టు అరిగిపోవును. ఎర్తు తీగ బిగువుగా ఉన్నదో లేదో తొలకరికి ముందే చూపించవలెను. ఇది మోటారు కంటె మనిషి ప్రాణానికి ముఖ్యం.

స్ప్రేయర్లు: ప్రతి వాడకం తరువాత మంచినీటితో కడుగవలెను. నాజిలును నోటితో ఊదరాదు, తీగతో పొడవరాదు. బ్యాటరీ స్ప్రేయరును ఛార్జి చేసి భద్రపరచవలెను.

పుస్తకం లేనిదే పట్టిక లేదు

ఒక పెన్సిలు, ఒక పొడవాటి నోటుపుస్తకం చాలును. ప్రతి పుటలో ఐదు గడులు గీయవలెను: తేదీ, మీటరు అంకె, చేసిన పని, ఖర్చు, తరువాత చేయవలసిన అంకె. చివరి గడి అన్నిటికంటె ముఖ్యమైనది. తరువాతి ఆయిలు మార్పు అంకెను తెల్ల రంగుతో ఫెండరు లోపలి వైపున కూడా వ్రాసినచో డ్రైవరుకు ప్రతిరోజు కనిపించును. ట్రాక్టరును కుమారుడో, జీతగాడో నడుపుచున్నచో, ఆ పుస్తకాన్ని వ్రాయు బాధ్యత ఒక్కరికే అప్పగించవలెను. అందరి పని ఎవరి పనియు కాదు.

సంరక్షణ నిధి

పట్టిక వ్రాసి డబ్బు లేక ఆగిపోయిన వారు చాలామంది ఉన్నారు. అందువలన నడిచిన ప్రతి గంటకు కొంత సొమ్మును ప్రక్కన ఉంచవలెను. లెక్కకట్టు విధానం తెలియుటకై ఈ క్రింది అంకెలను ఊహించి ఇచ్చుచున్నాము. పాఠకులు తమ ఖర్చులను వేసుకొనవలెను.

సంవత్సరానికి 700 గంటలు నడుచు ట్రాక్టరుకు:
• ఆయిళ్లు, ఫిల్టర్లు, గ్రీజు, కూలి: 21,000 రూపాయలు
• బ్యాటరీ (6,000 రూపాయలది మూడేళ్లకు): సంవత్సరానికి 2,000
• టైర్లు (72,000 రూపాయలవి 3,600 గంటలకు, అనగా గంటకు 20): 14,000
• మొత్తం: 37,000 రూపాయలు

దీనిని 700తో భాగించగా గంటకు సుమారు 53 రూపాయలు. 55 రూపాయల చొప్పున ప్రక్కన ఉంచినచో సంవత్సరానికి 38,500 చేరును. సొంత పొలంలో నడిచిన గంటలకు కూడా ఈ సొమ్మును తీసి ఉంచవలెను. యంత్రానికి సొంత పొలమని, పరుల పొలమని తేడా లేదు. దీనిని పొదుపు ఖాతాలో వేరుగా జమచేసినచో ఇంటి ఖర్చులలో కలిసిపోదు. కిరాయి రేటు నిర్ణయించునప్పుడు డీజిలు, డ్రైవరు కూలితో పాటు ఈ సొమ్మును, వాయిదా భాగాన్ని కూడా కలుపుకొననిచో, చేతిలో కనిపించు లాభం నిజమైన లాభం కాదు.

బీమా ఉన్నది కదాయని కొందరు ధైర్యపడుదురు. సాధారణ మోటారు బీమా ప్రమాదం, దొంగతనం వంటి నష్టాలకు వర్తించును గాని, అరుగుదలకు, సంరక్షణ లోపం వలన కలిగిన యాంత్రిక వైఫల్యానికి వర్తించదు.

డీలర్లకు మనవి

ట్రాక్టరు అప్పగించు రోజున పూలదండ వేసి ఫొటో తీయుటతో డీలరు బాధ్యత తీరదు. ఆ రోజున ఒక గంట సమయం కేటాయించి, డిప్ స్టిక్, ఎయిర్ క్లీనరు, నిపుల్స్ ఉన్న చోట్లు రైతుకు, డ్రైవరుకు చేతితో చూపించవలెను. ఉచిత సర్వీసింగు కూపన్లు ఏ గంటలకు వర్తించునో తెలుగులో వ్రాసి ఇవ్వవలెను. ఆ గడువులు దాటినచో వారంటీ హక్కుకు భంగం కలుగునని ముందే చెప్పవలెను. ప్రతి జాబుకార్డుపై మీటరు అంకె, తరువాతి సర్వీసింగు అంకె తప్పక వేయవలెను. మే నెలలోనే ఫిల్టర్లు, బెల్టులు, సీళ్లు నిలువ ఉంచి, గ్రామాలలో సర్వీసింగు శిబిరాలు పెట్టినచో జూలైలో వచ్చు రద్దీ తగ్గును. దమ్ములలో ఆగని ట్రాక్టరే తరువాతి అమ్మకానికి ఉత్తమమైన ప్రకటన.

బ్యాంకు పాత్ర

రుణపత్రాలలో తనఖా యంత్రాన్ని మంచి స్థితిలో ఉంచవలెనను షరతు ఉంటుంది. దానిని సంతకంతో మరచిపోరాదు. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో, పంట రుణ పరిమితిపై 20 శాతాన్ని వ్యవసాయ ఆస్తుల మరమ్మతులు, నిర్వహణ ఖర్చులకై కలుపు పద్ధతి ప్రవేశపెట్టబడినది. పెద్ద సర్వీసింగుకు చేతిలో సొమ్ము లేనివారు, అధిక వడ్డీకి బయట అప్పు చేయకమునుపు, తమ కార్డులో ఈ సదుపాయం ఎంతవరకు ఉన్నదో శాఖలో అడిగి తెలుసుకొనవలెను. యంత్రం పాడై వాయిదా కట్టలేని పరిస్థితి వచ్చినచో, దాగుకొనక వెంటనే శాఖకు వచ్చి తెలుపవలెను. సంరక్షణ పుస్తకం చేతిలో ఉన్న రైతు మాటకు బలం ఎక్కువ.

యంత్రాల నడుపుదల, సంరక్షణలలో శిక్షణ పొందగోరువారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలను కూడా సంప్రదించవచ్చును.

అభ్యాసం

1. మీ ట్రాక్టరు మీటరు అంకె నేడు ఎంత? గత ఆయిలు మార్పు ఏ అంకె వద్ద జరిగినది? తరువాతి మార్పు పని జోరుగా ఉన్న రోజులలో పడుచున్నదా?
2. ఎయిర్ క్లీనరును చివరిసారి ఎప్పుడు విప్పి చూచితిరి?
3. మీ గంట కిరాయిలో సంరక్షణకు ఎంత తీసి ఉంచుచున్నారు?

మా రైతు ఇంజను మరమ్మతు చేయించుకొని, మరుసటి సంవత్సరం నుండి పుస్తకం వ్రాయనారంభించెను. నిలిచిన వాయిదాను రెండు విడతలుగా చెల్లించెను. గత తనిఖీలో ఆయన పుస్తకం తీయకమునుపే, ఎయిర్ క్లీనరు గిన్నెను విప్పి నా ముందుంచెను. గిన్నెలోని ఆయిలు శుభ్రంగా ఉన్నది. పై ప్రశ్నలకు సమాధానం తెలియని పాఠకులు ఈ సాయంత్రమే ఒక నోటుపుస్తకం తీసుకొని ట్రాక్టరు వద్దకు వెళ్లవలెనని కోరుచున్నాము.